కెమెరాకి కొత్త చొక్కా

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఆయన కనిపించిన వాళ్ళందరికీ చెబుతుంటాడు. అది అబద్ధం. నా ముక్కు చిన్నది, అంత కోపం దాని మీద పట్టదు. అయినా పసిపిల్లల వార్డులో నర్సుకి కోపం లేకపోతే అది వార్డులా ఉండదు, సంతలా ఉంటుంది. చేతులు కడుక్కోకుండా చొరబడే తాతలు, చెప్పులతో వచ్చే మేనమామలు, "ఒక్కటంటే ఒక్క ముద్దండీ" అని బతిమాలే అమ్మమ్మలు, వీళ్ళందరికీ తలుపు దగ్గర మొట్టమొదట కనిపించే మొహం నాదే. ఆ మొహం చూసి సగం మంది అటు నుంచి అటే వెళ్ళిపోతారు. వెళ్ళాలి కూడా.

మా వార్డులో ఉండేవాళ్ళు నెలలు నిండకుండా పుట్టిన పిల్లలు. గాజు పెట్టెల్లో, గొట్టాల మధ్య పడుకుని ఉంటారు. తల్లులేమో రెండంతస్తుల పైన. మధ్యలో ఫోను పెట్టి చూపించేద్దామంటే కుదరదు. ఎప్పుడో ఎవరో ఒక పసిగుడ్డు ఫొటో ఫోనులో తీసి ఊరందరికీ పంచిపెట్టారట. ఆ తల్లిదండ్రులు పడ్డ బాధ చూశాక పెద్ద సిస్టరు, అంటే మా వార్డు నర్సులందరికీ పైన ఉండే ఆవిడ, ఫోన్లు తలుపు బయటే పెట్టించింది. దానికి బదులు ఒక ఇన్‌స్టంట్ కెమెరా తెప్పించింది. నొక్కితే అక్కడికక్కడే కార్డంత ఫొటో బయటికొస్తుంది. దానికి నకలంటూ ఉండదు. ఉన్న ఒక్కటీ తల్లి చేతికి పోతుంది.

ఆ ఫొటో ఇవ్వడంలో మాకొక పద్ధతి ఉంది. కెమెరాలోంచి వచ్చేటప్పుడు అది వట్టి తెల్ల కాగితం. బొమ్మ మెల్లమెల్లగా తేలుతుంది. తేలాక తీసుకెళ్ళి ఇవ్వం. తెల్లగా ఉండగానే కోటు జేబులో దాచుకుని, మెట్ల మీద పరిగెత్తి, తల్లి అరచేతిలో పెడతాం. మత్తులోంచి కళ్ళు తెరిచేసరికి బిడ్డని కిందికి తీసుకెళ్ళిపోయారని విన్న మనిషికి కనీసం ఇదైనా కళ్ళ ముందు జరగాలి కదా. ఎవరు మొదలుపెట్టారో తెలియదు గానీ అందరం పాటిస్తాం. లిఫ్టు కోసం నిలబడితే బొమ్మ దారిలోనే పుట్టేస్తుంది. అందుకే ఫొటో జేబులో ఉన్నప్పుడు ఎవరం లిఫ్టెక్కం.

ఆ పద్ధతే నా కొంప ముంచింది.

ఎందుకంటే ఈసారి పైన మంచం మీద ఉన్నది నా తమ్ముడి భార్య, నా మరదలు. నెలలు నిండకుండానే కాన్పయింది. ఆడపిల్ల. బరువు తక్కువే గానీ ఊపిరి తనంతట తనే తీసుకుంటోంది, మొండిఘటం. తల్లికేమో కుట్ల దగ్గర చీము పట్టి జ్వరం. జ్వరం తగ్గేదాకా తను పిల్లల వార్డులో అడుగు పెట్టకూడదు. ఆ మాట తనకి చెప్పింది కూడా నేనే.

మేనత్తని కదా, మొదటి ఫొటో నేనే తీస్తానని పట్టుబట్టి తీశాను. ఆయాసపడుతూ మెట్లెక్కి మరదలి అరచేతిలో పెట్టాను. ఇద్దరం తలలు ఆనించి చూస్తూ కూర్చున్నాం. ముందు గొట్టం తేలింది. తర్వాత దుప్పటి అంచు. తర్వాత ఇంత చెయ్యి. మొహం ఉండాల్సిన చోట మాత్రం ఒక తెల్లటి చార, పై నుంచి కింది దాకా, సున్నం కొట్టినట్టు. కాసేపాగితే వస్తుందేమోనని చూశాం. రాలేదు.

"మొహం ఏదీ వదినా?"

"ఫొటో సరిగ్గా పడలేదమ్మా. కెమెరాలో ఏదో..."

"మొహానికేమైంది?"

"ఏమీ కాలేదు. బంగారంలా ఉంది."

"బంగారంలా ఉంటే చూపించరేం?"

ఏం చెప్పమంటారు? నా నోట్లో మాట నానదని పేరు. ఆ పూట తన దుప్పటి సర్దుతూ కూర్చున్నాను.

తనకి అనుమానం రావడంలో తప్పు లేదు. ఇంతకుముందు ఒక కాన్పులో బిడ్డ దక్కలేదు. ఆ రోజు డాక్టరు, తల్లి కాస్త కోలుకునేదాకా చెప్పకండి అన్నాడు. మా తమ్ముడు పగలల్లా పక్కన కూర్చుని, "బిడ్డ బాగానే ఉంది, రేపు చూపిస్తారంట" అని నవ్వుతూ చెప్పాడు. ఆ పిచ్చిది నమ్మింది. ఇంటికెళ్ళాక వేయాల్సిన బట్టల గురించి కూడా మాట్లాడిందట. తర్వాత సంగతి తెలిసింది. ఆనాటి నుంచీ మా తమ్ముడి నోట "బాగుంది" అన్న మాట వస్తే తనకి ఒళ్ళు చల్లబడిపోతుంది. ఇప్పుడు వాడు పిల్లని అద్దంలోంచి చూసొచ్చి, కళ్ళు ఇంతవి, గోళ్ళు ఇంతవి అని ఎంత వర్ణించినా గోడతో చెప్పినట్టే ఉంది. నా మాటకైనా విలువుందనుకున్నాను. ఆ చార చూశాక అదీ పోయింది.

తను గోడ వైపు తిరిగి పడుకుంది. పాలు తీసే మిషన్ పక్కనే పెట్టి, "జ్వరం కుట్లకే గానీ పాలకి కాదు, రెండు చుక్కలైనా పంపితే పిల్లకి అమృతం" అని డాక్టరమ్మ చెప్పి వెళ్ళింది. మరదలు ఆ మిషన్ని చేత్తో దూరంగా నెట్టింది.

"ఎవరి కోసం తియ్యమంటారు వదినా?" అంది.

పాలు ఈ రోజుల్లో తియ్యకపోతే ఎండిపోతాయి. నేను ఎంతమంది తల్లుల్ని చూశానో. కానీ ఆ క్షణాన నాకు పాల కన్నా తన గురించే భయం వేసింది. అంతకుముందు బిడ్డ మీద పెట్టుకున్న ఆశ తనని ఎంత కోసిందో చూసినదాన్ని. ఈసారి ముందే ఆశ వదిలేసుకుని కూర్చుంది. కింద పిల్లేమో కాళ్ళు తన్నుతోంది.

కిందికొచ్చి కెమెరాని దీపం కింద పెట్టి చూశాను. వెనక పెంకు మీద సాలెగూడులా సన్నటి పగుళ్ళు. ఫిల్ము ఉండే చోట ఒక పగులు ఆ పక్క నుంచి ఈ పక్కకి వెలుగు కనిపించేంత వెడల్పుగా ఉంది. అందులోంచి వెలుతురు దూరి ఫిల్మును కాల్చేస్తోందన్నమాట. పెద్ద సిస్టరు కూడా కళ్ళజోడు సర్దుకుని చూసింది.

"పగుళ్ళలో మురికి చేరుతుంది. ఇక ఇది వార్డులోకి రాకూడదు. పారెయ్."

"ఒక్కసారి, ఒక్కసారికి ఫోనుతో..."

"పోయిన వారం ఫోను తెచ్చిన తండ్రిని మెట్ల దాకా తరిమిందెవరమ్మా?"

నేనే. ఆవిడ కోప్పడలేదు, గుర్తుచేసింది అంతే. నేను నూరిపెట్టుకున్న కత్తి నాకే దిగింది.

పారెయ్యమన్న కెమెరాని సంచిలో వేసుకుని బయటికొచ్చాను. తమ్ముడు అప్పటికే బజారంతా తిరిగొచ్చాడు. దుకాణాల్లో ఉన్న కొత్త కెమెరాలకి మా వార్డు బీరువాలో ఉన్న ఫిల్ము సరిపోదు, వాటి ఫిల్మేమో దుకాణాల్లో అయిపోయింది. సరిపోయేది తెప్పించాలంటే చాలా రోజులు. అన్నాళ్ళు ఆగడానికి మరదలి ఒంట్లో ఓపికా లేదు, పాలూ ఉండవు.

ఆస్పత్రి వీధిలో ఒక ఫొటోగ్రాఫరు ఉన్నాడు. పాస్‌పోర్ట్ ఫొటోలు తీసి తీసి, అతనూ ఎప్పుడూ నవ్వకుండా సూటిగా చూస్తుంటాడు. కెమెరాని తిప్పి తిప్పి చూసి, వాసన చూశాడు.

"దీన్ని దేంతో తుడుస్తున్నారండీ?"

"స్పిరిట్‌తో. వాడిన ప్రతిసారీ. ఒక్కసారి కూడా మానలేదు," అన్నాను గొప్పగా.

"అదే తినేసిందండీ. ఈ ప్లాస్టిక్కి స్పిరిట్ పడదు. తుడిచేకొద్దీ పెళుసెక్కిపోతుంది."

వార్డులో దాన్ని నాకంటే గట్టిగా తుడిచినవాళ్ళు ఎవరూ లేరు. ఇది మరి మా నర్సులు మాత్రమే చేయగల తప్పు. శుభ్రం పేరుతో కెమెరాకి చర్మం ఒలిచేశాం.

అతను అరలు వెతికి అదే రకం కెమెరా ఇంకోటి తీశాడు. చిలకాకుపచ్చ రంగు, పక్కన ఎవరో చిన్నపిల్ల అంటించిన నక్షత్రాలు. నీళ్ళలో పడి లోపల మోటారు చచ్చిపోయిందట. పైపెంకు మాత్రం నిగనిగలాడుతోంది.

"మీదానికి ఒళ్ళు బాగుంది, చొక్కా చిరిగింది. దీనికి చొక్కా బాగుంది, ఒంట్లో ప్రాణం లేదు. దీని చొక్కా దానికి తొడగాలి. నాకిస్తే చేస్తాను గానీ చేతి నిండా పని, వారం పడుతుంది."

"వారం లేదండీ," అన్నాడు తమ్ముడు.

"అయితే ఇంట్లో మీరే చేసుకోండి. కష్టమేం కాదు, ఓపిక కావాలి. స్క్రూలన్నీ ఒక పొడవు ఉండవు, ఏది ఎక్కడిదో గుర్తుపెట్టుకోండి. ఇంకోటి, ఫ్లాష్ పక్కన సిలిండరులా కండెన్సరు ఉంటుంది. బ్యాటరీలు తీసేసినా లోపల కరెంటు దాచుకుని కాటేస్తుంది. దాన్ని మాత్రం వేలితో ముట్టుకోవద్దు."

మా తమ్ముడి పని కారు సీట్లకీ సోఫాలకీ కవర్లు మార్చడం. ఎంత నలిగిన సీటైనా వాడి చేతిలో పడితే కొత్త పెళ్ళికొడుకులా తయారవుతుంది. కానీ ఈ మధ్య వాడి చేతులు వాడి మాట వినడం లేదు. టీ కప్పు పట్టుకుంటే సగం సాసర్లోనే ఉంటోంది.

మర్నాడు నాకు సెలవు. మా ఇంట్లో భోజనాల బల్ల మీద తెల్ల దిండు గలీబు పరిచి, కిటికీ తలుపులు బార్లా తెరిచాం. మా ఆయన బస్సు డ్రైవరు. పొద్దుటి డ్యూటీ దిగి వచ్చి, బట్టలు మార్చుకుని, బనియనుతో టేబుల్ లైటు పట్టుకుని నిలబడ్డాడు. రెండు కెమెరాలనూ పక్కపక్కన చూసి, ఆకుపచ్చదాని వైపు గడ్డం ఎగరేశాడు.

"పైన పటారం, లోన లొటారం అంటే ఇదే కాబోలు."

"మీరు లైటు పట్టుకోండి చాలు. నోరు పట్టుకోవడం నేను చూసుకుంటాను," అన్నాను.

తమ్ముడు తన సంచిలోంచి పరీక్ష అట్టంత స్పాంజి ముక్క తీశాడు. దాని మీద కెమెరా ఆకారం పెన్నుతో గీశాడు. విప్పిన స్క్రూని విప్పినట్టే ఆ బొమ్మలో దాని చోట గుచ్చుతూ పోయాడు. సీట్లు విప్పేటప్పుడు వాళ్ళు చేసేది అదేనట. నాకు ముచ్చటేసింది గానీ పైకి అనలేదు. పొగిడితే వాడి చెయ్యి ఇంకా వణుకుతుంది.

స్క్రూలన్నీ వచ్చాయి. పెంకు మాత్రం ఒక పక్క ఊడి, ఇంకో పక్క పట్టుకుని కూర్చుంది.

"గట్టిగా ఒక్క లాగు లాగరా బామ్మర్దీ. రాక ఎక్కడికి పోతుంది?" అన్నాడు మా ఆయన.

"మీరు లాగితే ఆస్పత్రి మొత్తం ఊడొస్తుంది. మీరూరుకోండి."

తమ్ముడు కళ్ళు మూసుకుని, చేత్తో పట్టుకునే రబ్బరు పట్టీ మీద బొటనవేలు మెల్లగా జరిపాడు. ఒక చోట ఆగాడు. "ఇక్కడ గుంట ఉందక్కా," అన్నాడు. పట్టీ అంచు లేపి చూస్తే కింద దాక్కున్న స్క్రూ. అది తీశాక, కారు తలుపుల అట్టలు ఊడదీసే ప్లాస్టిక్ పలకతో చుట్టూ కొక్కేలు ఒక్కొక్కటే వదిలించాడు. పగిలిన పెంకు చప్పుడు లేకుండా చేతిలోకి వచ్చింది. లోపల తీగలూ పళ్ళచక్రాలూ. పగుళ్ళున్న చొక్కా కింద ఒళ్ళు ఒక్క గీత లేకుండా ఉంది.

"ఇదేనా ఆయన చెప్పిన కండెన్సరు?" అని మా ఆయన వేలు పెట్టి చూపించాడు. చూపించి ఊరుకుంటే మా ఆయన ఎలా అవుతాడు? ముట్టుకున్నాడు. చిటుక్కుమంది.

"అమ్మో!" అని గెంతిన గెంతుకి లైటు బల్లకి తగిలింది, బల్ల కుర్చీకి తగిలింది.

"ముట్టుకోవద్దని చెప్పాడు కదండీ! బ్యాటరీలు తీసినా కాటేస్తుందని!"

"కాటేస్తుందో లేదో తెలియాలి కదే మరి!"

తమ్ముడు నవ్వాడు. కాన్పయినప్పటి నుంచీ వాడు నవ్వగా చూడలేదు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ సంతోషం ఎంతసేపు? నవ్వు మధ్యలోనే వాడి మొహం మారిపోయింది. ఫొటో తీసే మీట కింద ఉండే స్ప్రింగు ఎగిరిపోయింది. మెంతిగింజంత స్ప్రింగు. అది లేకపోతే మీట నొక్కితే పైకి లేవదు.

చచ్చిన కెమెరానీ విప్పి అందులో స్ప్రింగు చూశాం. నీళ్ళకి తుప్పుపట్టి ముట్టుకుంటే పొడయింది. ముగ్గురం మోకాళ్ళ మీద పాకాం. చాప దులిపాం, చీపురుతో కాకుండా చేత్తో నేలంతా తడిమాం. బల్ల కింద ఎప్పుడో పోయిన నా చెవి దిద్దు శీల దొరికింది గానీ స్ప్రింగు లేదు. చివరికి తమ్ముడు గోడకి ఆనుకుని నేల మీద కూర్చుండిపోయాడు.

"నాతో కాదక్కా."

"ఏది కాదు? లే. సోఫాల కింద గుండుసూదులు వెతికే మనిషివి."

"స్ప్రింగు గురించి కాదు." వాడు తల వంచుకున్నాడు. "అప్పుడు నేను అబద్ధం చెప్పకపోతే ఇప్పుడు నా మాట చాలేది. పాప బాగుందే అంటే చాలేది. ఈ కెమెరా, ఈ తంటా ఏదీ అక్కర్లేదు. తను నా మొహం చూసి ఏమందో తెలుసా? మీరు నవ్వుతుంటే నాకు భయమేస్తోంది, నవ్వకండి అంది."

మా ఆయన లైటు కింద పెట్టేశాడు. నేను వాణ్ణి తిట్టడానికే నోరు తెరిచాను. ఒక్క తిట్టూ రాలేదు. చిన్నప్పుడు మోకాలు చెక్కుకుపోతే నా దగ్గరికే పరిగెత్తుకొచ్చేవాడు, నేను ముందు ఒకటి వేసి తర్వాత మందు రాసేదాన్ని. వాడి తల నిమిరాను. తల నిమరడం నాకు పెద్దగా అలవాటు లేదు, జుట్టంతా చెదిరిపోయింది.

"మాట పోయింది. పోయినదాన్ని వెతక్కు. ఇప్పుడు స్ప్రింగు వెతుకు," అన్నాను.

వాడు కళ్ళు తుడుచుకుని తల ఎత్తాడు. ఎత్తి అలాగే ఉండిపోయాడు. మా ఆయన పొట్ట వైపే చూస్తున్నాడు.

"బావా, కదలకు."

మా ఆయన బనియను ఎన్నాళ్ళ నుంచో దారాలు లేస్తోంది, పారేయమంటే పారేయడు. ఆ దారాల్లో, సరిగ్గా బొడ్డు పైన, స్ప్రింగు చిక్కుకుని ఉంది.

"చూశావా? ఈ బనియను పారేయమన్నావు కదూ," అన్నాడు ఊపిరి బిగబట్టుకునే. ఇక ఆ బనియను ఈ జన్మకి మా ఇంట్లోంచి పోదు.

ఆకుపచ్చ చొక్కా తొడగడానికి ఎక్కువసేపు పట్టలేదు. స్పాంజి మీది స్క్రూలు ఒక్కొక్కటే వాటి చోటికి చేరాయి. తమ్ముడి చెయ్యి కూడా కుదుటపడింది. బ్యాటరీలు వేస్తే చిన్న దీపం వెలిగింది. వార్డు బీరువాలో మిగిలిన ఆఖరి ఫిల్ము డబ్బా పెద్ద సిస్టరుని అడిగి ముందే తెచ్చుకున్నాను. అది వేసి, మా ఆయన్ని కిటికీ దగ్గర నిలబెట్టి నొక్కాం. కాగితం బర్రుమంటూ బయటికొచ్చింది. ముగ్గురం దాని మీదికి వంగాం. కిటికీ ఊచలు తేలాయి, బనియను తేలింది, మా ఆయన మీసం తేలింది. ఒక అంచున సన్నటి తెల్ల చార కూడా తేలింది.

పగులు పోయింది, చార పోలేదు.

తమ్ముడు మాత్రం ఈసారి కూలబడలేదు. ఫొటోని పక్కన పెట్టుకుని కెమెరాని అటూ ఇటూ తిప్పి చూశాడు. "చార అంచున ఉంది. తలుపు దగ్గర్నుంచి వస్తోంది," అన్నాడు. ఫిల్ము పెట్టే తలుపు అంచున వెలుతురు రాకుండా నల్లటి మెత్తటి పట్టీ ఉంటుంది. నీళ్ళలో పడ్డ కెమెరా కదా, కొత్త చొక్కాతో వచ్చిన ఆ పట్టీ ఎండి బిరుసెక్కి, తలుపు ఒక వెంట్రుకంత తెరుచుకునే ఉంటోంది.

"పట్టీయే కదా. నా సంచిలో నల్ల ఫెల్టు గుడ్డ ఉంది," అన్నాడు.

పట్టీ మార్చాలంటే తలుపు తియ్యాలి, తలుపు తీస్తే వెలుతురు తగిలి ఫిల్మంతా పాడైపోతుంది. దానికీ వాడే ఉపాయం చెప్పాడు. కిటికీలేని సామాన్ల గదిలోకి కెమెరాతో దూరాడు. దళసరి దుప్పటి నెత్తిన కప్పుకుని, లోపల తడుముకుంటూ ఫిల్ము డబ్బా తీసి, దాన్ని నల్ల రెక్సిన్ ముక్కలో చుట్టి బయటికొచ్చాడు. చెమటతో తడిసి ముద్దయ్యాడు.

"పట్టపగలు దుప్పట్లో దూరావంటే పక్కింటివాళ్ళు ఏమనుకుంటారురా?" అన్నాడు మా ఆయన.

ఫెల్టుని సన్నగా కోసి, పాత పట్టీ గీకేసి, కొత్తది అంటించాడు. సీటు అంచుకి పైపింగు వేసినట్టు ఎక్కడా ముడత లేదు. మళ్ళీ దుప్పటి కింద దూరి ఫిల్ము పెట్టాడు. తెలివి తక్కువ కెమెరా కదా, కొత్త డబ్బా అనుకుని, దాని పైనుండే నల్ల అట్టని నెట్టేసినట్టు ఒక మంచి ఫిల్మును బయటికి కక్కేసింది. పోతే పోయింది. మళ్ళీ మా ఆయన్నే నిలబెట్టి నొక్కాం.

ఈసారి చార లేదు. అంచు నుంచి అంచు దాకా శుభ్రంగా ఉంది. మా ఆయన నోరు తెరిచి ఏదో అంటుండగా పడింది. ఆయన నోరు మూసి ఉన్న ఫొటో ఈ భూమ్మీద ఎవరి దగ్గరా లేదు కాబట్టి అది సరిగ్గానే వచ్చినట్టు లెక్క.

తమ్ముడు ఇంకో పని కూడా చేశాడు. కొత్త కారు సీటుకి వేసే పారదర్శకమైన ప్లాస్టిక్ ఉంటుంది చూడండి, దాంతో కెమెరాకి ఒక తొడుగు చేశాడు. కుడితే కుట్ల రంధ్రాల్లో మురికి చేరుతుందని నేను గొణిగితే, కుట్టకుండా ఇస్త్రీపెట్టె వేడితో అంచులు అంటించాడు. ఇక స్పిరిట్ అక్కర్లేదు, తొడుగు తీసి సబ్బునీళ్ళతో కడిగేసుకోవచ్చు.

మర్నాడు ఆ చిలకాకుపచ్చ కెమెరా చూసి పెద్ద సిస్టరు కళ్ళజోడు కిందికి దించింది.

"ఇది కెమెరానా, చిలకా?"

"చిలకే అనుకోండి. పలుకుతుంది."

తొడుగు తీసి చూసింది. అంచుల మీద గోరు పెట్టి గీకింది. చుట్టూ తిప్పి పగులేదైనా ఉందేమోనని వెతికింది. చివరికి నక్షత్రాల మీద చూపు ఆగింది. నేను అవి పీకేస్తానని చెయ్యి చాచాను.

"ఉండనీ. ముందు ఫ్లాష్ మీద ప్లాస్టరెయ్. పిల్లల కళ్ళు," అంది. అంటే ఒప్పుకున్నట్టే.

ఫ్లాష్ వెలుగు కళ్ళలో కొట్టకుండా తెల్ల ప్లాస్టరు రెండు పొరలు అంటించాను. చేతులు మోచేతుల దాకా కడుక్కుని నా మేనకోడలి పెట్టె దగ్గరికెళ్ళాను. మొహం ఇటు తిరిగి ఉంది. నుదురు చిట్లించి, పెదవి ముందుకి పెట్టి పడుకుని ఉంది. "ఇటు చూడవే తల్లీ," అని నొక్కాను. చిలక బర్రుమంది. కాగితం జేబులో వేసుకుని మెట్ల వైపు పరిగెత్తాను. మెట్ల దగ్గర తమ్ముడు మాస్కు కట్టుకుని నిలబడి ఉన్నాడు. వాడూ నా వెనకే పరిగెత్తాడు.

మరదలు గోడ వైపే పడుకుని ఉంది. పాల మిషన్ మీద కప్పిన గుడ్డ కప్పినట్టే ఉంది. నేను పక్కన కూర్చుని, తన చెయ్యి తెరిచి, కాగితం అరచేతిలో పెట్టాను.

తను తలతిప్పి చూసింది. చూసి, దాన్ని దుప్పటి మీద బోర్లించింది.

"మళ్ళీ తెల్ల కాగితమేనా వదినా? నాకొద్దు. చూడకుండా ఉంటేనే తట్టుకోగలను."

నాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే తన్నుకొచ్చాయి. ఏదో ఒకటి అనేసేదాన్నే. తమ్ముడు నా భుజం మీద చెయ్యి వేశాడు. మంచానికి అటు పక్కకి వెళ్ళి, గోడకీ మంచానికీ మధ్య సందులో, తనకి ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. నవ్వలేదు.

"నేను ఈసారి ఏమీ చెప్పను. బాగుందనీ చెప్పను, బాలేదనీ చెప్పను. నా మాట నువ్వు నమ్మక్కర్లేదు. నువ్వే చూసి నాకు చెప్పు," అన్నాడు.

తను వాడి మొహంలోకి చాలాసేపు చూసింది. నాకు జేబులోంచి కాగితం తీసినప్పటి నుంచీ లోపల గడియారం కొట్టుకుంటూనే ఉంది, బొమ్మ తేలిపోతుందేమో, తనకి కనపడకుండానే తేలిపోతుందేమో అని. మెల్లగా తన చెయ్యి కదిలింది. కాగితాన్ని తిప్పింది.

ఇంకా పూర్తిగా తేలలేదు. గొట్టం వచ్చింది. టోపీ అంచు వచ్చింది. పోయినసారి చార పడ్డ చోటికే నేను వంగి చూశాను. అక్కడ ముందు ఒక నీడ, తర్వాత కనుబొమల్లాంటి రెండు గీతలు, వాటి మధ్య ఒక చిట్లింపు. తర్వాత ముక్కు. తర్వాత ముందుకి పొడుచుకొచ్చిన కింది పెదవి. మొహం మొత్తం వచ్చేసింది. ఎవరి మీదో మహా కోపంగా ఉన్న మొహం.

మరదలు చూస్తూనే ఉంది. వేలితో ఆ నుదుటి మీద రాసింది, చిట్లింపు చెరిపేద్దామన్నట్టు.

"దీనికి ఎవరి మీద ఇంత కోపం?" అంది.

తను ఫొటోని చూసింది, నన్ను చూసింది, మళ్ళీ ఫొటోని చూసింది.

"అచ్చం మీరే వదినా."

అని నవ్వింది. నవ్వితే కుట్లు లాగాయి కాబోలు, "అబ్బా" అని కడుపు పట్టుకుంది, పట్టుకుని ఇంకా నవ్వింది, ఆ నవ్వే ఏడుపైపోయింది. తమ్ముడు కూడా మాస్కులో ముక్కు ఎగపీలుస్తూ ఏడుస్తున్నాడు. నేను ఏడవలేదు. నేను డ్యూటీలో ఉన్నాను. కళ్ళలో ఏదో పడింది, అంతే.

"బాగుందండీ," అంది మరదలు వాడితో. "పాప బాగుంది."

ఆ మాట వాడు తనకి చెప్పాల్సింది. తనే వాడికి చెప్పింది. వాడు బుద్ధిగా తలూపాడు.

తర్వాత కొంగుతో మొహం తుడుచుకుని, ఫొటోని మందు సీసాకి ఆనించి తనకి ఎదురుగా నిలబెట్టింది. నిలబెట్టి నా వైపు చెయ్యి చాచింది.

"ఆ పాల మిషన్ ఇటివ్వండి."

చాలాసేపు పట్టింది. ఏమీ రాదేమోనని నాకు లోపల బెంగే. తను మాత్రం ఫొటో మీదనుంచి కళ్ళు తిప్పలేదు. చివరికి చిన్న సీసా అడుగున పసుపుపచ్చటి పాలు పడ్డాయి, ఒక చెంచాడు కూడా ఉండవు. మూత బిగించి, కాగితం ముక్క మీద తన పేరు రాసి అంటించి, సీసాని రెండు చేతులతో పట్టుకుని తలుపు వైపు నడిచాను. ఫొటో ఉన్న రోజుల అలవాటు చొప్పున కాళ్ళు వాటంతట అవే పరుగందుకున్నాయి.

వెనక నుంచి మరదలు గట్టిగా కేకేసింది. జ్వరంలో ఉన్న మనిషికి అంత గొంతు ఎక్కణ్ణుంచి వచ్చిందో!

"వదినా! పరిగెత్తకండి! మా పాప పాలు, ఒలికిపోతాయి!"

నన్ను ఎవరైనా మందలిస్తే ఊరుకున్నది నా జీవితంలో అదొక్కసారే. "అలాగేనమ్మా," అన్నాను. ఒక్కో మెట్టూ చూసుకుంటూ, మెల్లగా దిగాను.